లోహా చల్లితే సముద్రం పండుతుందా?

రెండు వారాల కిందట, జుమ్మా రోజు పొద్దున్నే మా ఆపా కొడుకు ఫోన్ చేశాడు. "మామూ, ఒక కాగితం పంపించాను. చదివి ఔనో కాదో చెప్పు. అబ్బా మూడు లక్షలు పెడదామంటున్నాడు" అన్నాడు.

తెరిచి చూస్తే రంగురంగుల బొమ్మలతో ఒక కంపెనీ ఇష్తెహార్. దాని పేరు ఇక్కడ రాయను. రాసినా ఫాయిదా లేదు, రేపు ఇంకో పేరుతో ఇంకొకరు వస్తారు. మతలబ్ మాత్రం ఇది. బంగాళాఖాతంలో ఇనుప పొడి చల్లుతారట. దాంతో ప్లాంక్టన్ దండిగా పెరుగుతుందట. అది గాలిలోని కార్బన్‌ని మింగి సముద్రం అడుక్కి పోతుందట. ఆ కార్బన్‌కి హిసాబ్ కట్టి విదేశీ కంపెనీలకు అమ్ముతారట. పైగా ప్లాంక్టన్ పెరిగితే చేప పెరుగుతుంది కాబట్టి మన పడవలవాళ్ళకూ బర్కత్. డబ్బు పెట్టినవాళ్ళకు అయిదేళ్ళలో రెండింతలు.

మా దుల్హే భాయ్ జిందగీ అంతా బందరు పక్కన గిలకలదిండి హార్బరులో చేపల కమీషన్ వ్యాపారం చేసిన మనిషి. ఆ మూడు లక్షలు ఎన్ని తెల్లవారుజాముల కమాయీయో నాకు తెలుసు. "వద్దు బేటా" అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. కానీ వాడు ఒక సవాల్ అడిగాడు: "మామూ, చేనుకి ఎరువు వేస్తే పంట పెరుగుతుంది కదా, సముద్రానికి వేస్తే ఎందుకు పెరగదు?" ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినవాణ్ణి. ఇలాంటి సవాల్‌ని "వద్దు" అని కొట్టేయడానికి మనసు ఒప్పలేదు. ఆ జవాబ్ వాడి ఒక్కడికే కాక నలుగురికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ముందు ప్లాంక్టన్ అంటే ఎవరో చూద్దాం. పుస్తకాల్లో ప్లవకాలు అంటాం. నీళ్ళు ఎటు తీసుకుపోతే అటు పోయే జీవాలు. వీటిలో ఎండ తాగి బతికే వృక్ష ప్లవకాలు ఉన్నాయి, వాటిని తిని బతికే జంతు ప్లవకాలు ఉన్నాయి. భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం ఈ కంటికి కనపడని వృక్ష ప్లవకాలదే. తమాషా ఏమిటంటే, దునియాలోని మొక్కలన్నిటి బరువులో వీటి వాటా నూటికి ఒక వంతు మాత్రమే. అంత తక్కువ బరువుతో ఇంత పని ఎలా? ఇవి మర్రిచెట్టులా వందేళ్ళు నిలబడవు. పుడతాయి, చీలి రెండవుతాయి, వారం తిరిగేలోపు ఎవరి నోట్లోనో పడతాయి. పుట్టుక ఎంత జోరో, పోవడం అంత జోరు. ఈ మాట గుర్తుంచుకోండి, ఆఖరులో దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు ఎరువు సంగతి. మీ ఇంట్లో దావత్ ఉందనుకోండి. బియ్యం పది బస్తాలు ఉంది. గోష్త్ ఉంది, నెయ్యి ఉంది, మసాలా ఉంది. నమక్ మాత్రం ఒక్క డేక్సాకు సరిపడా ఉంది. ఎన్ని డేక్సాల బిర్యానీ వండగలరు? ఒక్కటే. ఇంకో పది బస్తాల బియ్యం తెచ్చి పడేసినా రెండో డేక్సా పొయ్యి మీదికి ఎక్కదు. సముద్రంలో లెక్క కూడా ఇదే. వృక్ష ప్లవకాలకు వెలుగు కావాలి, నైట్రేటు కావాలి, ఫాస్ఫేటు కావాలి, కాస్త ఇనుము కావాలి. వాటిలో డయాటమ్ అనే జాతికి సిలికా కూడా కావాలి. ఏది అందరికంటే ముందు అయిపోతుందో అదే అక్కడి హద్దు.

అయితే సముద్రంలో ఒక పెద్ద ముష్కిల్ ఉంది. వెలుగు పైన, తిండి కింద. చచ్చినవన్నీ మెల్లగా కిందికి జారి అక్కడ కుళ్ళి ఎరువవుతాయి. కానీ అక్కడ చీకటి. ఆ ఎరువు వెలుగులోకి రావాలంటే కింది నీళ్ళు పైకి లేవాలి. గాలి లేపాలి, చలి లేపాలి, లేదా సుడులు లేపాలి. ఎవరూ లేపకపోతే పైన ఎండ బేకార్, కింద ఎరువు బేకార్.

మన రెండు సముద్రాలనే చూడండి. అరేబియా సముద్రం, బంగాళాఖాతం ఇంచుమించు ఒకే అక్షాంశాల మీద ఉన్నాయి. ఒకే సూర్యుడు, ఒకే నైరుతి రుతుపవనం. అయినా కిస్మత్ వేరు. ఎండాకాలం పోయి నైరుతి గాలులు మొదలవగానే సోమాలియా, ఒమన్ తీరాల వెంట అవి ఎంత బలంగా వీస్తాయంటే, తీరం దగ్గరి పైనీళ్ళను దూరంగా తోసేస్తాయి. ఆ ఖాళీలోకి కింది చల్లని నీళ్ళు ఎరువుతో సహా లేస్తాయి. సముద్రం పచ్చబడుతుంది.

బంగాళాఖాతానికి ఆ నసీబ్ లేదు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ, ఇన్ని నదులు ఒకే ఖాతంలో వచ్చి పడతాయి. పైనుంచి వాన. మంచినీళ్ళు తేలిక కాబట్టి ఉప్పునీళ్ళ మీద దుప్పటిలా పరుచుకుంటాయి. ఇక్కడి గాలికి ఆ దుప్పటిని చింపే తాకత్ లేదు. మబ్బులు, నదుల బురద కలిసి వెలుగునీ ఆపుతాయి. రుతుపవన కాలంలో మన ఖాతం అరేబియా కంటే ఎందుకు వెనకబడిందో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 2002లో వివరించారు. వాళ్ళు చెప్పింది సారాంశంలో ఇదే.

అప్పుడప్పుడు ఆ దుప్పటి చిరుగుతుంది. 1999లో ఒడిశాను ముంచిన పెను తుఫాను సముద్రాన్ని ఎంతగా కలియబెట్టిందంటే, అది వెళ్ళిన దారిలో నీళ్ళు పచ్చబడ్డాయి. జమీన్ మీద అంత తబాహీ, నీళ్ళలో మాత్రం దావత్. మార్చి నుంచి మే దాకా విశాఖపట్నం వైపు తీరంలో కూడా కింది నీళ్ళు కొంత పైకి లేస్తాయి. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడివాళ్ళతో కలిసి దీన్ని కొలిచి రాశాడు. మన తీరం గురించిన ఈ ఇల్మ్ మన దగ్గరే డెబ్బై ఏళ్ళుగా ఉంది. ఆ ఇష్తెహార్ రాసినవాళ్ళు ఒక్క రోజు లైబ్రరీలో కూర్చుని ఉంటే దొరికేది.

ఇప్పుడు చెప్పండి, మన ఖాతంలో ఏది తక్కువ? పైనీళ్ళలో నైట్రేటు తక్కువ, వానాకాలంలో వెలుగు తక్కువ. ఇనుముకు ఇక్కడ కరువు లేదు. చుట్టూ మూడు వైపులా జమీన్ ఉంది. నదుల మట్టితో, గాలి దుమ్ముతో ఇనుము వస్తూనే ఉంటుంది. అలాంటి చోట ఇనుము చల్లడమంటే నమక్ లేని ఇంటికి బియ్యం బస్తాలు పంపడమే. మా మేనల్లుడి సవాల్‌కి సగం జవాబ్ ఇక్కడే అయిపోయింది.

మరి ఇనుము చల్లాలనే ఖయాల్ ఎక్కణ్ణుంచి వచ్చింది? అది అబద్ధం కాదు. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలో నైట్రేటు, ఫాస్ఫేటు పుష్కలం. అయినా చాలా చోట్ల నీళ్ళు పచ్చబడవు. ఎందుకని చాలాకాలం ఎవరికీ అర్థం కాలేదు. జాన్ మార్టిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1980లలో ఇనుము తక్కువ కాబట్టి అన్నాడు. సగం ఓడ ఇనుము ఇస్తే మీకు మంచుయుగం తెచ్చిపెడతానని 1988లో ఒక సభలో నవ్వుతూ అన్నాడట. ఆ మజాక్‌ని కొందరు ఇప్పటికీ వ్యాపారంగా నడుపుతున్నారు. 1993 నుంచి డజను దాకా ప్రయోగాలు జరిగాయి. ఇనుము తక్కువున్న చోట ఇనుము పోస్తే పైన నీళ్ళు పచ్చబడటం దాదాపు ప్రతిసారీ కనిపించింది. మార్టిన్ మాట నిజమే. కానీ సగమే నిజం.

మిగతా సగం ఏమిటో చెప్పే ఖిస్సా మన దేశానిదే. దాని పేరు లోహాఫెక్స్. తెలుగులో లోహం అంటే ఏ ధాతువైనా కావచ్చు, ఉర్దూలో, హిందీలో లోహా అంటే ఇనుమే. ఆ లోహా పేరే పెట్టారు. 2009 జనవరిలో జర్మనీ పరిశోధన నౌక పోలార్‌స్టెర్న్ దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుంచి బయల్దేరింది. నాయకులు ఇద్దరు. ఒకరు గోవా సంస్థకు చెందిన సయ్యద్ వజీహ్ అహ్మద్ నఖ్వీ, ఇంకొకరు జర్మనీ సంస్థకు చెందిన విక్టర్ స్మెటాచెక్. నౌక దారిలో ఉండగానే పర్యావరణ సంఘాలు గోల చేశాయి, జర్మనీ ప్రభుత్వం ప్రయోగం ఆపమంది. మళ్ళీ నిపుణులతో చూపించి జనవరి ఆఖరులో ఇజాజత్ ఇచ్చింది.

దక్షిణ అట్లాంటిక్ వైపు ఒక పెద్ద సుడి చూసుకుని, అందులో 300 చదరపు కిలోమీటర్ల మేర నీళ్ళలో కరిగించిన ఇనుము 6 టన్నులు పోశారు. 39 రోజులు వెంటపడి చూశారు. మొదటి రెండు వారాల్లో వృక్ష ప్లవకాలు రెండింతలయ్యాయి. అందరికీ ఖుషీ. ఆ తర్వాత పెరుగుదల ఆగిపోయింది. ఇంకా ఇనుము పోసినా కదల్లేదు.

ఏం జరిగింది? రెండు సంగతులు. మొదటిది నీళ్ళ హాలత్. ఆ ప్రాంతంలో సిలికా అప్పటికే అయిపోయింది. అంతకు ముందు సహజంగా పెరిగిన డయాటమ్‌లు దాన్ని వాడేసుకున్నాయి. డయాటమ్‌లు సిలికాతో గాజు పెంకు కట్టుకుంటాయి, ఒక్కొక్కటి ఒక చిన్న షీష్ మహల్. ఆ పెంకు వల్ల చిన్న నోళ్ళకు చిక్కవు, బరువుగా ఉంటాయి కాబట్టి చచ్చాక లోతుకు దిగుతాయి. సిలికా లేకపోతే షీష్ మహల్ లేదు. పెంకు లేని మెత్తని చిన్న జీవాలు మాత్రమే పెరిగాయి.

రెండోది నోళ్ళు. ఆ మెత్తని జీవాల కోసం కోపిపాడ్‌లు కాచుకుని ఉన్నాయి. బియ్యపు గింజంత రొయ్యలాంటి జంతు ప్లవకాలు ఇవి. వండింది వండినట్టు తినేశాయి. కోపిపాడ్‌లను తినడానికి యాంఫిపాడ్‌లు అనే ఇంకాస్త పెద్ద మెహమాన్లు వచ్చారు. వాటిని తినేవాళ్ళు స్క్విడ్‌లు, తిమింగలాలు. దస్తర్‌ఖాన్ పరిచింది కార్బన్‌ని పాతిపెట్టడానికి, వచ్చినవాళ్ళు తిని పోయారు. తిన్నది ఊపిరిలో మళ్ళీ కార్బన్‌గా బయటికి వస్తుంది కదా. లోతుకు దిగిన కార్బన్ చాలా తక్కువ.

అదే పోలార్‌స్టెర్న్ నౌక మీద 2004లో ఐఫెక్స్ అనే ఇంకో ప్రయోగం జరిగింది. అదీ దక్షిణ మహాసముద్రమే, అదీ సుడే, అదీ ఇనుమే. కానీ అక్కడ సిలికా ఉంది. డయాటమ్‌లు పెరిగాయి, వాటిలో కనీసం సగం వెయ్యి మీటర్ల కంటే లోతుకు దిగాయని 2012లో ప్రకటించారు. ఇనుము ఒకటే, నతీజా వేరు. తేడా తెచ్చింది పోసినవాడు కాదు. అక్కడి నీళ్ళు, అక్కడి నోళ్ళు.

లోహాఫెక్స్ ఫెయిలయిందని అప్పట్లో కొందరు ఎద్దేవా చేశారు. నేను ఒప్పుకోను. అనుకున్నది జరగలేదని ఉన్నదున్నట్టు చెప్పిన ప్రయోగం ఫెయిల్ కాదు. అమ్ముకునేవాడు ఆ పని చేయడు, శాస్త్రవేత్త చేస్తాడు. ఆ ఈమాన్‌దారీ వల్లే ఇవాళ మా దుల్హే భాయ్ మూడు లక్షల గురించి నేను ధైర్యంగా మాట్లాడగలుగుతున్నాను.

ఈ నోళ్ళ సంగతి మనవాళ్ళు ఎందుకు మరిచిపోతారంటే, మన బుద్ధి చేను దగ్గరే ఆగిపోతుంది. చేలో పంట కనిపిస్తే పెరిగినట్టు, కనిపించకపోతే పెరగనట్టు. సముద్రంలో అలా కాదు. మీరు రాత్రి పది గంటలకు దావత్‌కి వెళ్ళారు, డేక్సా ఖాళీ. వండలేదంటారా? వండారు, మీకంటే ముందొచ్చినవాళ్ళు తిన్నారు. నీళ్ళలో ప్లవకాలు తక్కువ కనిపిస్తే అవి పెరగడం లేదని కాదు, పెరిగినంత జోరుగా తినబడుతున్నాయని కూడా కావచ్చు.

పెద్దపెద్ద శాస్త్రవేత్తలు కూడా దీని మీద ఇంకా బహస్ చేస్తూనే ఉన్నారు. ఉత్తర అట్లాంటిక్‌లో ప్రతి వసంతంలో నీళ్ళు పచ్చబడతాయి. ఎండ పెరిగి, నీళ్ళు కలియడం తగ్గి, ప్లవకాలు వెలుగులో నిలబడటం వల్ల అని నార్వేకి చెందిన స్వెర్‌డ్రుప్ 1953లో చెప్పాడు. కాదు, పెరుగుదల నడి చలికాలంలోనే మొదలవుతోంది, చలికాలపు తుఫానులు నీళ్ళను లోతుగా కలిపి తినేవాటినీ తినబడేవాటినీ దూరం దూరం చేస్తాయి, అందుకే అని మైకేల్ బెహ్రెన్‌ఫెల్డ్ 2010లో వాదించాడు. ఇందులో ఎవరిది ఎంత నిజమైనా ఒకటి ఖాయం. గాలి, వెలుగు ఒక చెయ్యి. నోళ్ళు రెండో చెయ్యి. ఒక చేత్తో చప్పట్లు మోగవు.

నోళ్ళు తినడమే కాదు, తిరిగి ఇస్తాయి కూడా. ఇరవయ్యో శతాబ్దంలో దక్షిణార్ధగోళంలో దాదాపు 20 లక్షల తిమింగలాలను చంపారు. తిమింగలాలు పోతే అవి తినే క్రిల్ అనే రొయ్యజాతి విపరీతంగా పెరగాలి కదా? అనుకున్నట్టు పెరగలేదు. తిమింగలాల మలంలో ఇనుము అక్కడి సముద్రపు నీటి కంటే కోటి రెట్ల వరకు ఉంటుందని తేలింది. అవి తిన్న ఇనుమును పైనీళ్ళలోనే విడిచి వృక్ష ప్లవకాలకు మళ్ళీ అందించేవని కొందరు శాస్త్రవేత్తల అభిప్రాయం. తినేవాణ్ణి చంపితే తిండి మిగలలేదు, వంటవాడికి సామాను తెచ్చేవాడే పోయాడు.

ఇప్పుడు సౌదాగర్ల సంగతి. 2012లో కెనడా పశ్చిమ తీరం అవతల ఒక పడవ నుంచి సుమారు 100 టన్నుల ఇనుప లవణం సముద్రంలో పోశారు. సాల్మన్ చేపలు పెరుగుతాయని, కార్బన్ అమ్ముకోవచ్చని అక్కడి హైదా ఆదివాసీ గ్రామానికి ఆశ చూపించారు. డబ్బు ఆ గరీబ్ గ్రామానిదే. గోల అయింది, దర్యాప్తు వచ్చింది, కార్బన్ అమ్మకం మాత్రం జరగలేదు. అప్పటికే 2008లో సముద్రంలో వ్యర్థాలు పారబోయడం మీద ఉన్న లండన్ ఒప్పందం దేశాలు సరైన శాస్త్ర పరిశోధన తప్ప ఇలాంటివి చేయకూడదని తీర్మానించాయి. 2013లో దాన్ని కట్టుదిట్టం చేసే సవరణ కూడా ఆమోదించాయి. కథలో ఊరి పేరు మారింది గానీ, డబ్బు పెట్టేది మళ్ళీ చేపల మీద బతికే గరీబే. నా గుస్సా అంతా ఇక్కడే.

మన ఖాతంలో ఇంకో ఖత్రా ఉంది. ఒకవేళ ఏదో మాయ జరిగి ప్లవకాలు విపరీతంగా పెరిగాయే అనుకుందాం. అవి చచ్చి కిందికి జారి కుళ్ళేటప్పుడు ఆక్సిజన్ తింటాయి. బంగాళాఖాతంలో సుమారు వంద మీటర్ల కింద ఇప్పటికే ఆక్సిజన్ దాదాపు సున్నా అయిన పొర ఉంది. నఖ్వీ కూడా ఉన్న ఒక బృందం 2017లో చెప్పింది ఏమిటంటే, ఆ పొర అంచు మీద నిలబడి ఉంది, మిగిలిన ఆ కాస్త ఆక్సిజన్ కూడా పోతే నైట్రేటు గాలిలోకి వాయువుగా పోవడం మొదలవుతుంది. అంటే మనకు దేని కరువు ఉందో అదే ఇంకా పోతుంది. నమక్ డబ్బాకు మనమే చిల్లు పెట్టినట్టు.

అలాగని పరిశోధన ఆపమని నేను అనను. గాలిలో కార్బన్ పెరుగుతోంది, సముద్రం వేడెక్కుతోంది. ఇనుము గురించి నేర్చుకోవాల్సింది ఇంకా ఉంది. నేర్చుకునే హక్కు శాస్త్రానికి ఉంది. షర్త్ ఒక్కటే: ముందు కొలవాలి, నతీజా మంచిదైనా చెడ్డదైనా బయట పెట్టాలి, అమ్మకం దాని దగ్గరికి రాకూడదు. ఇక మన తీరానికి ఏదైనా చేయాలనిపిస్తే చేయదగ్గ పనులు కళ్ళ ముందే ఉన్నాయి. పట్టణాల మురుగు శుద్ధి కాకుండా కడలిలో పడకూడదు. మడ అడవులు మిగలాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధాన్ని నిజంగా పాటించాలి, ఆ 61 రోజులు పొయ్యి వెలిగేలా పడవ కూలీల చేతికి పైసలు వఖ్త్‌కి అందాలి. ఇవి ఎవరికీ రెండింతలు ఇవ్వవు. అందుకే వీటికి ఇష్తెహార్లు ఉండవు.

మా మేనల్లుడికి ఇదంతా చెప్పి, ఆ కంపెనీకి మూడు సవాళ్ళు రాసి పంపమన్నాను. మీరు పోసే చోట నిజంగా ఇనుమే తక్కువని ఎవరు కొలిచారు? పెరిగినదాన్ని అక్కడ ఎవరు తింటారు? వెయ్యి మీటర్ల కిందికి ఎంత దిగిందో మీరు కాక బయటివాళ్ళు ఎవరు చూస్తారు? మీ ఇంటికి ఇలాంటి కాగితం వస్తే మీరూ ఇవే అడగండి.

వాడు పంపాడు. ఇవాళ్టికి పది రోజులు. జవాబ్ లేదు గానీ, "ఆఫర్ ఈ ఆదివారంతో ఆఖరు" అని రెండు మెసేజ్‌లు వచ్చాయట. నిన్న రాత్రి దుల్హే భాయ్ ఫోన్ చేశాడు. "డబ్బు పోస్టాఫీసులోనే ఉంచాను లే" అన్నాడు. కాసేపు ఆగి, "మా సరంగులు కూడా అదే అనేవాళ్ళు, నీళ్ళ రంగు చూసి మురిసిపోవద్దు, వల పైకి వచ్చాక చూడమని" అన్నాడు.

ముప్పై ఏళ్ళు నేను బోర్డు మీద రాసిన పాఠం ఆయనకు హార్బరులోనే తెలుసు.